పెదాల్లేని డబ్బింగ్

"ఆంటీ, ఒళ్ళు లేకుండా ఏడవగలరా మీరు?"

ప్రణవ్ ఈ మాట అడిగింది బాతెల్ అనే అమెరికా ఊళ్ళో, ఓ టౌన్‌హోమ్స్ క్లబ్‌హౌస్‌లో, వినాయకచవితి పాట్‌లక్ మధ్యలో. అడిగింది నాగమల్లేశ్వరిని. పక్కనున్న ఇద్దరాడవాళ్ళు పులిహోర గరిటలు గాల్లోనే ఆపేశారు. పండగపూట, దేవుడి ముందు, ఓ ముత్తైదువని పట్టుకుని అడగాల్సిన ప్రశ్నేనా అది?

నాగమల్లేశ్వరికి మాత్రం తప్పనిపించలేదు. పదకొండేళ్ళు ఏడ్చి అన్నం తిన్న మనిషి. ఏడుపు గురించి ఎవరేం అడిగినా బేరం కోసమే అడుగుతున్నారనుకుంటుంది.

"ఒంటితో ఏడిస్తేనే ఎపిసోడ్‌కి ఆరొందలు తీసుకున్నా నాయనా," అంది. "ఒళ్ళు లేకుండా అంటే రేటు వేరే ఉంటుంది. ఇంతకీ ఎవరిదీ ఏడుపు?"

"ఒక బ్రెయిన్‌ది," అన్నాడు ప్రణవ్.

గరిటల్లో ఒకటి కింద పడింది.

ప్రణవ్‌కి ఇరవయ్యారేళ్ళు. పుట్టింది ఇక్కడే. తెలుగు వచ్చు గానీ వాక్యం చివరికొచ్చేసరికి క్రియ దొరక్క కాస్త వెతుక్కుంటాడు. ఓ పళ్ళ డాక్టర్ క్లినిక్ పైన పదకొండు మంది కలిసి వీడియో గేమ్ చేస్తుంటే, అందులో శబ్దాల పని అతనిది. వాళ్ళమ్మ మాత్రం అందరికీ "మావాడు సాఫ్ట్‌వేర్" అనే చెబుతుంది. ఆ రోజు క్లబ్‌హౌస్‌లో ముప్ఫైమంది పిల్లలు గోల చేస్తుంటే నాగమల్లేశ్వరి ఉన్నట్టుండి అత్తగారి గొంతు ఎత్తి, "ఆ గడప దాటిన కాలు మళ్ళీ ఈ ఇంట్లో పడదు!" అంది. తెలుగు ముక్క రాని పిల్లలతో సహా ముప్ఫై నోళ్ళూ ఒకేసారి మూతపడ్డాయి. ప్రణవ్ అది చూశాడు.

నాగమల్లేశ్వరిది విజయవాడ. బీకాం రెండో ఏడు ఎగ్గొట్టి హైదరాబాద్ వెళ్ళి, కృష్ణానగర్‌లో మెట్లకింద గదంత స్టూడియోలో డబ్బింగ్‌లో చేరింది. హిందీ సీరియళ్ళకి తెలుగు గొంతు. మొదటి ఏడాది గుంపులో అరుపులు, పెళ్ళిలో నవ్వులు, ఆస్పత్రిలో నర్సు. ఇరవయ్యొకటో ఏట ఒక అత్తగారికి గొంతు ఇమ్మన్నారు. తెరమీదావిడకి యాభై అయిదేళ్ళు, చెవులకి కిలో బంగారం. ఆ అత్తగారు పద్నాలుగొందల ఎపిసోడ్లు బతికింది, రెండుసార్లు చచ్చి తిరిగొచ్చింది, ఒకసారి మతిమరుపుతో కోడలికి సారీ కూడా చెప్పింది. ఆంధ్ర దేశమంతా ఆ గొంతుకి భయపడింది. టైటిల్స్‌లో మేకప్ వాళ్ళ పేరు పడింది, జనరేటర్ వాళ్ళ పేరు పడింది, గొంతు పేరు ఒక్కరోజూ పడలేదు.

ఆ పనిలో దేవుడు పెదవి. తెరమీద పెదాలు కలిసేచోట 'మ' గానీ 'ప' గానీ పడాలి, తెరుచుకునేచోట 'ఆ' పడాలి, అర్థం ఆ తర్వాత కుదిరితే చూసుకోవచ్చు. హిందీలో ఆవిడ "మాఫ్ కరో" అంటే తెలుగులో "పాపం కదూ" అయ్యేది, కథ ఏమైనా సరే. ప్రేక్షకులు ఒక్కళ్ళూ ఫిర్యాదు చెయ్యలేదు. నాగమల్లేశ్వరి ఎవరితో మాట్లాడినా ఈనాటికీ వాళ్ళ కళ్ళలోకి చూడదు, నోటివంకే చూస్తుంది. పెళ్ళిచూపుల్లో రవికుమార్ ఇది వేరేలా అర్థం చేసుకుని చెవులదాకా ఎర్రబడ్డాడట.

రవికుమార్ డేటాబేసుల మనిషి. పదేళ్ళుగా ఇక్కడే, బయోటెక్ కంపెనీలో, ఆ కంపెనీ తీయించిన హెచ్-వన్ వీసా మీద. ఆమె హెచ్-ఫోర్ మీద వచ్చింది, అంటే మొగుడి వీసాకి తోక. కొన్నేళ్ళకి పనిచేసుకునే కార్డు వచ్చింది. దాంతో ఒక డేకేర్‌లో పసిపిల్లలకి డైపర్లు మార్చింది. ఏడ్చేవాళ్ళ మధ్యే ఉన్నాను గానీ, నా ఏడుపుకి గిరాకీ లేకుండా పోయింది అని నవ్వేది.

ఇప్పుడు గిరాకీ వచ్చింది. మెదడు రూపంలో.

ఆ వారమే ప్రణవ్ లాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చి గేమ్ చూపించాడు. పేరు 'స్టిల్ ఆన్ డ్యూటీ'. లోకమంతా తగలబడిపోయిన రెండొందల ఏళ్ళకి కథ మొదలవుతుంది. మనుషులు అక్కడక్కడా మిగిలారు. మిగతా అంతా రోబోలు. ఆ రోబోల్లో ఉన్నవి చిప్పులు కావు, బతికున్న మనుషుల మెదళ్ళు. ప్రళయానికి ముందు కంపెనీలు ఉద్యోగులతో ఓ కాంట్రాక్టు రాయించుకున్నాయట: ఒళ్ళు పాడైతే మెదడు తీసి రోబోలో పెడతాం, ఉద్యోగానికి ఢోకా లేదు. మెదడు నీదే, ఒళ్ళు మాత్రం కంపెనీది. కంపెనీ వదిలేసి పోదామంటే ఒళ్ళు అప్పగించి పోవాలి.

"హెచ్-వన్ బీ," అన్నాడు రవికుమార్, సోఫాలోంచి తలెత్తకుండా.

"వాట్, అంకుల్?"

"ఏం లేదు. కథ బాగుంది. కంటిన్యూ."

రోబోకి తల ఉండాల్సినచోట గాజు జాడీ, జాడీలో నీలంగా ద్రవం, అందులో తేలుతూ మెదడు. "మాగాయ జాడీలా ఉంది," అంది నాగమల్లేశ్వరి. అప్పట్నించి వాళ్ళింట్లో ఆ రోబోలకి జాడీలన్నదే పేరు. పదేళ్ళ కూతురు భవిత కూడా "అమ్మా, హౌ మెనీ జాడీస్ టుడే?" అనేది.

ఆమెకిచ్చిన జాడీ పేరు మార్జరీ. ఊరికి నీళ్ళు పంపే స్టేషన్‌లో గుమాస్తా. రెండొందల ఏళ్ళుగా నీళ్ళ కోసం వచ్చిన ప్రతివాణ్ణీ ఫారం నింపమంటోంది. ఫారాలు అచ్చువేసేవాళ్ళు కాలిపోయిన సంగతి ఆవిడకి తెలీదు. ఆడేవాడు చివరికి పక్క ఊరికి కరెంటు కావాలని ఆవిడ బ్యాటరీ పీకేస్తాడు. అప్పుడు మార్జరీ ఏడవాలి. ఆ ఏడుపు కోసమే ప్రణవ్ క్లబ్‌హౌస్‌లో ఆ ప్రశ్న అడిగింది. నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో చదివించుకుని విన్నాక స్టూడియోవాళ్ళు మార్జరీ అన్న పేరు కొట్టేశారు. అలా 'టి'లని విరిచి పలికే మార్జరీ ఈ భూమ్మీద ఉండదన్నారు. గేమ్ కథ రాసే అమ్మాయి నాలుగు తెలుగు పేర్లు పంపమంటే ప్రణవ్ పంపాడు. మార్జరీ ఆండాళ్ అయింది.

నాగమల్లేశ్వరి ఒకే ఒక్క షరతు పెట్టింది. "చివర్లో పేర్లు పడతాయి కదా, అందులో నా పేరు పడాలి. పూర్తిగా. 'నాగా' అని కత్తిరిస్తే ఊరుకోను."

"డన్, ఆంటీ."

రికార్డింగ్ ఆమె పడగ్గదిలో బట్టలు పెట్టుకునే చిన్నగది, క్లోజెట్‌లోనే. స్టూడియో గదిలో కింది క్లినిక్ డ్రిల్లింగ్ వినబడుతుందట. క్లోజెట్‌లో ఇరవై ఏడు పట్టుచీరలు వేలాడుతున్నాయి. చప్పుడు మింగెయ్యడానికి పట్టుచీరని మించింది లేదని ప్రణవ్ చప్పట్లు కొట్టి మరీ తేల్చాడు. పదేళ్ళలో ఆ చీరలు ఎందుకన్నా పనికొచ్చింది అదే మొదలు.

డిసెంబర్ రెండున మొదటి సెషన్. నాగమల్లేశ్వరి చీరల మధ్య మైకు ముందు నిలబడింది, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది, తెరమీద జాడీని చూసింది. నోరు పెగల్లేదు.

"ఏమైందాంటీ?"

"పెదాలేవిరా?"

"బ్రెయిన్‌కి పెదాలుండవు."

"మరి నేనెక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి?"

"మీ ఇష్టం. ఫ్రీగా చెయ్యండి."

పదకొండేళ్ళ సర్వీసులో ఆమెకి 'నీ ఇష్టం' అన్నవాళ్ళు లేరు. గంటన్నర తంటాలు పడింది. అది చాలదన్నట్టు ప్రణవ్ ఇంకోటి చెప్పాడు: ఊపిరి వినబడకూడదు. జాడీకి ఊపిరితిత్తులు లేవు కాబట్టి ప్రతి శ్వాసా కోసేస్తాడు.

"ఊపిరి తీసేస్తే ఏడుపులో ఏం మిగుల్తుంది?" అంది. "కన్నీళ్ళు."

"కన్నీళ్ళు కూడా లేవాంటీ. కళ్ళు లేవు కదా."

"ఇదేం పీడరా నాకు!"

ఆ మాట అంటూ విసుగ్గా తలెత్తింది. క్లోజెట్ తలుపులోంచి చూస్తే పడగ్గది, దాని అవతల మెట్ల పక్కన తలుపుల్లేని గది, లాఫ్ట్, అందులో రవికుమార్ టేబుల్. మంగళ, గురువారాల్లో అతను ఇంట్లోంచే పని. ఉదయం తొమ్మిదింబావు మీటింగ్‌లో ఉన్నాడు. చెవులకి హెడ్‌సెట్, ముఖాన నీలం వెలుగు. గొంతు ఇక్కడికి వినబడదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

అంతే. ఆండాళ్ డైలాగు మొదలుపెట్టింది. రవికుమార్ నోరు తెరిచినచోట తెరిచింది, మూసినచోట మూసింది. మేనేజర్ మాట్లాడుతున్నంతసేపూ అతను అరనోరు తెరుచుకుని, చెబుదామా వద్దా అని ఆగేవాడు. ఆండాళ్ కూడా అలాగే ఆగి, అప్పుడు, "ఫారం ఏడు నింపారా, సార్?" అని ఇంగ్లీషులో అంది.

ప్రణవ్ చేతిలో పెన్ను కింద పెట్టేశాడు. "ఓ మై గాడ్. ఆంటీ, ఆ పాజ్... టూ హండ్రెడ్ ఇయర్స్‌గా ఎవర్నో చూసి భయపడుతున్నట్టుంది. ఏం చేశారు?"

"అనుభవం," అంది నాగమల్లేశ్వరి. కిటుకు ఎవరు చెబుతారు?

ఇక సెషన్లన్నీ మంగళ, గురువారాల్లోనే కావాలంది, అదీ సరిగ్గా తొమ్మిదింబావుకే.

"ఏదైనా ముహూర్తమా ఆంటీ?"

"అలాగే అనుకో."

ముహూర్తాల పిచ్చి ఉన్నది నిజానికి రవికుమార్‌కి. ఫోన్‌లో పంచాంగం యాప్, అందులో రాహుకాలానికి అలారం. డేటాబేస్ అప్‌గ్రేడ్‌కి కూడా వర్జ్యం చూసే మనిషి. ఆ పిచ్చి సంగతికి మళ్ళీ రావలసి వస్తుంది.

నాలుగో సెషన్, డిసెంబర్ పదకొండు. నాగమల్లేశ్వరి కుక్కర్లో కందిపప్పు పెట్టి, మూడు విజిల్స్‌కి వచ్చి కట్టేద్దామనుకుని మైకు ముందుకెళ్ళింది. ఇల్లు నడిపే ఏ తెలుగు మనిషికైనా కుక్కరే గడియారం. నిమిషాలు తెలీవు, విజిల్సే లెక్క. మధ్యలో అన్నాన్ని, పప్పుని, మొగుడి మీటింగ్‌ని, పిల్ల బస్సుని అన్నిటినీ ఆ లెక్కలోనే పట్టేస్తారు. ఆ రోజు హెడ్‌ఫోన్లు లెక్కని మింగేశాయి.

డైలాగు మధ్యలో ఆమెకి స్ఫురించింది. హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపి, ఊపిరి బిగబట్టి వింది. ఆ బిగబట్టిన ఊపిరితోనే, పెదాలు కదిలీ కదలకుండా, "ఎన్ని విజిల్స్ వచ్చాయి?" అంది. "ఎవరన్నా లెక్కపెట్టారా?" మళ్ళీ వింది. "స్టవ్... స్టవ్ ఎవరన్నా కట్టేశారా?"

కట్టెయ్యలేదు. ఆమె మెట్లు దిగేలోపే పొగ అలారం కూసింది. రవికుమార్ మీటింగ్‌లోంచి లేచొచ్చి, హెడ్‌సెట్ తియ్యకుండానే, తువ్వాలు పట్టుకుని అలారం కింద ఎగురుతూ, "సారీ, సారీ, ఐ థాట్ ఐ వాజ్ ఆన్ మ్యూట్!" అని అరిచాడు. ఆ అరుపు బయోటెక్ కంపెనీలో అతని టీమంతా వింది. ప్రణవ్ రికార్డింగ్ ఆపడం మర్చిపోయాడు. మాడిన పప్పు తోముకోడానికి కుక్కర్ మూడు రోజులు నానింది.

డిసెంబర్ పద్దెనిమిదికి ఆరు సెషన్లయ్యాయి. ఆరింటికీ డబ్బు చేతికొచ్చింది. గొంతుతో సంపాదించిన మొదటి డాలర్లు. దాంతో ఏమైనా కొనుక్కోమంటే వద్దంది. అకౌంట్‌లో ఆ అంకెని చూసుకోవడం బాగుందంది.

సెలవుల తర్వాత మూడు సెషన్లు మిగిలాయి. అన్నీ చావు సీనుకే. జనవరి పదమూడు, పదిహేను తేదీల్లో కుదరలేదు. ఏడిస్తే ఊపిరి వస్తోంది, ఊపిరి కోసేస్తే ఏడుపు ముక్కలవుతోంది. ఇరవయ్యో తారీకు మంగళవారం, ఆఖరి సెషన్. లాఫ్ట్‌లో రవికుమార్ మీటింగ్‌లోనే ఉన్నాడు గానీ ఆ రోజు మాట్లాడటం లేదు. తెరవంక చూస్తూ కూర్చున్నాడు. ఎవరో ఏదో చెబుతున్నారు. అతని పెదాలు బిగుసుకుని, కింది పెదవి ఒక్కటే, ఎవరూ లాగకుండా, సన్నగా అదురుతోంది. గాలి పీలుస్తున్నట్టు కూడా లేదు.

నాగమల్లేశ్వరి ఆ పెదాల మీద ఏడ్చింది. గొంతు తెరవకుండా, గాలి వదలకుండా. ఎక్కడో లోపల తీగ లాగుతున్న చప్పుడు వచ్చింది, అంతే. అత్తగారికి పద్నాలుగొందల ఎపిసోడ్లలో అలాంటిదొక్కటీ ఇవ్వలేదు. అయ్యాక ప్రణవ్ ఫైల్‌ని రెండుసార్లు సేవ్ చేసుకుని లాప్‌టాప్ మూశాడు.

ఆ సాయంత్రం రవికుమార్ చెప్పాడు. తొమ్మిదిమంది టీమ్‌లో నలుగుర్ని తీసేశారట. "నేనున్నాను," అన్నాడు. ఆమె అతని ముఖంవంక చూసి, కిటుకు సంగతి చెప్పకుండా, అన్నం వడ్డించింది.

వారం తిరక్కుండా స్టూడియో లెక్కలు చూసే ఆవిడ మెయిల్ పెట్టింది. మీ వర్క్ కార్డు జనవరి తొమ్మిదితో అయిపోయింది, కొత్తదాని కాపీ పంపితే చివరి మూడు సెషన్ల డబ్బు వేస్తాం.

"కొత్తది ఇంకా రాలేదు కదండీ," అంది నాగమల్లేశ్వరి మొగుడితో. "ఆటోమేటిక్‌గా పొడిగింపు ఉంటుందన్నారుగా మీరు? అప్లై చేసిన రసీదు చూపిస్తే చాలన్నారు."

"ఉంటుంది. అందరికీ ఉంటుంది. వాట్సాప్ గ్రూప్‌లో కూడా..." అంటూ రవికుమార్ రసీదు తీశాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. లాప్‌టాప్ తెరిచాడు.

"ఏమైంది?"

"రూలు మారింది. అక్టోబర్ ముప్ఫై నుంచి ఫైల్ చేసినవాటికి పొడిగింపు లేదు."

"మనమెప్పుడు చేశాం?"

రవికుమార్ రసీదు తిరగేసి బల్లమీద పెట్టాడు.

"కాగితాలన్నీ దసరా అయిన రెండు వారాలకే సిద్ధంగా ఉన్నాయి. నేనే సంతకాలు పెట్టి మీ టేబుల్ మీద పెట్టాను."

"అప్పుడు బహుళపక్షం కదా. తర్వాత అమావాస్య. అందుకని..."

"అందుకని?"

"కార్తీక పౌర్ణమికి చేశాను. నవంబర్ అయిదు. మంచి రోజు."

"ఎవరికి?"

దీపాలు పెట్టి, ఉపవాసం ఉండి, నక్షత్రాలు చూశాక అన్నం తిని మరీ కవరు పోస్టు చేసొచ్చాడు. అంతటి నిష్ఠకి ఇమిగ్రేషన్ వాళ్ళు చలించలేదు. నాగమల్లేశ్వరి ఆ ఫోన్ లాక్కుని పంచాంగం యాప్ తీసేసింది. ఏళ్ళనాటి అలవాటు పోవడానికి రెండు సెకన్లు పట్టింది.

లాయరు ఫోన్‌లో మాట్లాడినంతసేపూ గడియారం చూసుకుంటూ మాట్లాడాడు. ఆరు సెషన్లతో గొడవ లేదన్నాడు. కార్డు అయిపోయాక చేసిన మూడిటికీ పైసా ముట్టుకోవద్దు, వాటిని వాడొద్దని స్టూడియోకి రాతపూర్వకంగా చెప్పండి, కొత్త కార్డు వచ్చేదాకా మైకు జోలికి పోవద్దు. రేపు మీ గ్రీన్‌కార్డ్ ఫైల్ నలుగురి చేతుల్లోకి వెళ్తుంది, ఎందుకొచ్చిన తంటా?

గేమ్ ఫిబ్రవరి నెలాఖరుకి అప్పజెప్పాలి. కార్డు అప్పటికి రాదని అందరికీ తెలుసు. అంటే ఆ ఏడుపు పోయినట్టే.

ప్రణవ్ మర్నాడే వచ్చాడు. "ఆంటీ, ఎవరికి తెలుస్తుంది? ఫైల్ మీద డేట్ మార్చెయ్యొచ్చు."

"నీకు తెలుస్తుంది. నాకు తెలుస్తుంది. డిలీట్ చెయ్యి."

"దట్స్ యువర్ బెస్ట్ వర్క్."

"నా ముందే చెయ్యి."

చేశాడు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేయించింది. రవికుమార్ వంటింటి గడపలో నిలబడి చూశాడు. అప్పుడు చెప్పింది అతనికి. "ఆండాళ్‌ని మొదట్నించీ మీ పెదాల మీదే పలికానండీ. ఆ ఏడుపు కూడా. ఆ మంగళవారం, మీవాళ్ళని తీసేస్తున్నప్పుడు."

రవికుమార్ నోరు కాస్త తెరుచుకుని, చెబుదామా వద్దా అని ఆగింది. అచ్చం ఆండాళ్‌లా. తర్వాత పైకెళ్ళిపోయాడు.

రెండు రోజులకి ప్రణవ్ ఫోన్ చేశాడు, ముక్కుతూ. స్టూడియో ఓనర్ ఒక దారి చెప్పాడట. ఆరు సెషన్ల గొంతు ఉంది కదా, దాన్ని కంప్యూటర్‌కి నేర్పిస్తే మిగతా ఏడుపు అదే ఏడ్చేస్తుంది. ఆంటీ ఏ పనీ చెయ్యక్కర్లేదు, కాబట్టి చట్టం కూడా అడ్డు రాదు.

"అంటే నన్ను జాడీలో పెడతారన్నమాట," అంది నాగమల్లేశ్వరి.

"...యా. బేసికల్లీ."

"ఆ గేమ్ మీరే చేస్తున్నారు కదరా! ఒక్కడికీ తోచలేదా?"

ఆమె కాంట్రాక్టులో ఆ మాట లేదు. ఒప్పుకోనంది. ఒప్పుకోనందుకు ప్రణవ్ సంతోషం ఫోన్‌లోంచే వినబడింది. ఇక మిగిలింది ఒక్కటే దారి: ఆండాళ్ మూగగా చావడం. చివరి సీను లేకపోతే ఆ పాత్ర ఎందుకని ఓనర్ మొత్తం పంపింగ్ స్టేషనే కోసెయ్యమంటున్నాడు. స్టేషన్ పోతే ఆరు సెషన్ల పనీ పోతుంది, పేరూ పోతుంది. మళ్ళీ మేకప్ వాళ్ళూ జనరేటర్ వాళ్ళూ ఉంటారు, గొంతు ఉండదు.

ఫిబ్రవరి రెండోవారంలో, వానలో తడుస్తూ, ప్రణవ్ గుమ్మంలో నిలబడ్డాడు. "ఒకటి వినండి. తిట్టకండి."

హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. తన గొంతు. ఎన్ని విజిల్స్ వచ్చాయి? ఎవరన్నా లెక్కపెట్టారా? స్టవ్... స్టవ్ ఎవరన్నా కట్టేశారా? వెనకాల పొగ అలారం, దూరంగా, బ్యాటరీ అయిపోతున్న యంత్రంలా కూస్తోంది.

"ఏమిటిది?" అంది.

"ఆండాళ్ చావు. డిసెంబర్ లెవెన్త్‌ది. లీగల్."

"ఇది నటన కాదురా. పప్పు!"

"ఊపిరి వినండాంటీ. నేనేం కొయ్యలేదు."

"పదకొండేళ్ళు నేర్చుకుని, ఆ ఏడుపు ఏడిస్తే అది చెరిపెయ్యాల్సొచ్చింది. ఇప్పుడు మాడిన పప్పు తీసుకెళ్ళి పెడతావా? జనం నవ్వుతారు."

"మళ్ళీ వినండి."

మళ్ళీ వింది. ఈసారి పనిమంతురాలి చెవితో. పదమూడు సెకన్లు. ఒక్క శ్వాస లేదు. విజిల్ వినడానికి బిగబట్టిన ఊపిరి అలాగే ఉండిపోయింది. రెండొందల ఏళ్ళు డ్యూటీ చేసిన ముసలి గుమాస్తా, ఎవరో బ్యాటరీ పీకుతుంటే, వంటింట్లో తను వదిలొచ్చినదాన్ని ఆర్పారా అని అడుగుతోంది. ఎవరూ చెప్పడం లేదు.

నాగమల్లేశ్వరి హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టింది. "మూడో మాట దగ్గర తొందరపడ్డాను."

"మీరప్పుడు యాక్ట్ చెయ్యట్లేదు కదా."

"అందుకే తొందరపడ్డాను." హెడ్‌ఫోన్లు అతని వైపు తోసి, "అదే పెట్టుకో. తెలుగు తెలుగులోనే ఉండాలి, కింద ఇంగ్లీషు వెయ్యకు. పేరు సంగతి మర్చిపోకు," అంది.

రవికుమార్ కూడా విన్నాడు. చివర్లో తన "ఆన్ మ్యూట్" అరుపు వచ్చేసరికి ముఖం పాలిపోయింది. "ప్రణవ్, ఇది తీసెయ్. నేను హెచ్-వన్ మీదున్నాను. గేమ్‌లో నా గొంతుంటే సెకండ్ జాబ్ అంటారు." నవ్వులాట కాదు, నిజంగానే భయపడ్డాడు. ప్రణవ్ ఆ ముక్క కోసేశాడు. ఆండాళ్ మొత్తం తన పెదాల మీదే మాట్లాడిందని ఎవరికైనా తెలిస్తే ఏమవుతుందో రవికుమార్ అడగలేదు, లాయర్‌ని కూడా అడగలేదు.

ఏప్రిల్‌లో గేమ్ వచ్చింది. భవిత స్టేషన్ దాకా ఆడి, వంటింట్లోకి వచ్చి, "అమ్మా, ఐ కిల్డ్ యు త్రీ టైమ్స్," అంది. "బట్ ఆండాళ్ నాన్నలా మాట్లాడుతుంది. వై?" నాన్న తను చూస్తున్న తెరలోకి ఇంకాస్త దూరాడు. చివర్లో పేర్లు పడేటప్పుడు ముగ్గురూ సోఫాలో కూర్చున్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో, పద్నాలుగూ, ఒక్కటీ కత్తిరించకుండా, నాగమల్లేశ్వరి. భవిత ఆపి ఫొటో తీసింది.

ఆడినవాళ్ళలో కొందరికి ఆ చివరి మాటలు పట్టుకున్నాయి. అర్థం కోసం ఇంటర్నెట్‌లో కొట్టుకున్నారు. ఎవరో 'విజిల్స్' ఒక్కటి పట్టుకుని, అవి యుద్ధం నాటి సైరన్లనీ, ఎన్ని మోగితే అన్ని నగరాలు కాలాయనీ, ఆండాళ్ చచ్చేముందు కాలిన నగరాలు లెక్కపెడుతోందనీ నాలుగు పేజీలు రాశాడు. చాలామంది కన్నీళ్ళు పెట్టుకున్నారు. దాని కింద కరీంనగర్ నుంచి ఒకతను ఒకే ఒక్క లైను రాశాడు: "బ్రో, పప్పు."

నాగమల్లేశ్వరి ఆ లైను ప్రింటు తీయించి ఫ్రిజ్ మీద అంటించింది.

స్టూడియో ఆ పదమూడు సెకన్లనీ ట్రైలర్‌లో కూడా వాడుకుంది. కాంట్రాక్టు ప్రకారం ట్రైలర్‌లో వాడిన గొంతుకి విడిగా మూడొందల యాభై ఇవ్వాలి. కార్డు లేదు కదా, వచ్చాక ఇస్తామన్నారు. కార్డు జూన్ రెండోవారంలో వచ్చింది. కాపీ ఆ రోజే పంపింది, మంచి రోజో కాదో చూడకుండా. కాపీ అందిందని జవాబొచ్చింది. మూడొందల యాభై డాలర్లు ఇంకా రాలేదు.